దిగినవాళ్ళు, తీసినవాళ్ళు, కడిగినవాళ్ళు

మన భాషలో ఫోటోకి మూడు మాటలున్నాయి. కెమెరా ముందు నిలబడితే ఫోటో దిగడం. కెమెరా చేతబట్టుకుంటే ఫోటో తీయడం. చీకటి గదిలో రీలుని మందునీళ్ళలో ముంచి, బొమ్మ పైకి తేలేదాకా కనిపెట్టుకుని ఉంటే ఫోటో కడగడం. గిన్నెలు కడిగినట్టు, బియ్యం కడిగినట్టు, ఫోటోలు కడగడం! ఈ మాట ఎవరు పుట్టించారోగానీ, వింటే అదేదో ఇంటిపనిలాగే ఉంటుంది.

ఈ మూడింట్లో చరిత్రకెక్కింది తీసినవాళ్ళ పేర్లే. దిగినవాళ్ళ పేర్లూ కడిగినవాళ్ళ పేర్లూ చాలావరకు పోయాయి. దుమ్ముగూడెంలో మా మామయ్య వాడిన పాత కెమెరాని బాగు చేయిస్తున్నప్పుడు నాకు తట్టిన సంగతి ఇది. కెమెరా కథా, దాని వెనక ఉన్న ఆడవాళ్ళ కథా ఇవాళ మీకు చెప్తాను. కొంచెం పెద్దదే, ఓ టీ పెట్టుకుని కూర్చోండి.

ముందు మీ ఇంట్లో ఉన్న పాత ట్రంకుపెట్టె గుర్తు తెచ్చుకోండి. అడుగున, పట్టుచీర మడతల కింద, నలుపు తెలుపు ఫోటోలు కొన్ని ఉంటాయి. వాటిలో నాలుగు పక్కలా సమానంగా, నలుచదరంగా ఉన్నవి ఏరి చూడండి. 1950ల నుంచి 1980ల దాకా మన ఊళ్ళలో అలాంటి ఫోటోలు ఎక్కువ. 120 అనే రీలు వెడల్పు సుమారు ఆరు సెంటీమీటర్లు. అందులో ఆరుకి ఆరు లెక్కన చదరంగా తీస్తే పన్నెండు ఫోటోలొచ్చేవి. అవి రెండు రకాల కెమెరాల నుంచి వచ్చి ఉండొచ్చు. మన దేశంలో తయారైన అగ్ఫా క్లిక్ లాంటి చవక డబ్బా కెమెరా ఒకటి. రెండోది స్టూడియోవాళ్ళు మెడకి తగిలించుకునే జంట లెన్సుల కెమెరా. మా మామయ్యది ఈ రెండోది.

జంట లెన్సుల కెమెరా అంటే ఒక పెట్టె, దాని ముఖాన ఒకదాని మీద ఒకటిగా రెండు కళ్ళు. పై కన్ను చూడ్డానికి, కింది కన్ను తీయడానికి. పై కన్ను వెనక ఏటవాలుగా ఒక అద్దం ఉంటుంది. అది బొమ్మని పైకి తిప్పి, పెట్టె నెత్తిన ఉన్న గరుకు గాజు పలక మీద వేస్తుంది. ఫోటోగ్రాఫరు కెమెరాని పొట్ట దగ్గర పట్టుకుని, తలవంచి ఆ పలకలోకి చూస్తాడు. బొమ్మ నిటారుగానే కనిపిస్తుంది కానీ కుడిఎడమలు తారుమారవుతాయి. ఎడమ భుజం మీది పమిట పలక మీద కుడి భుజాన ఉంటుంది. ఇంకో తమాషా చూడండి, రెండు కళ్ళూ ఒకే ఎత్తులో ఉండవు కదా. మరీ దగ్గరగా తీస్తే పై కంటికి కనబడ్డ కొప్పు కింది కంటికి అందదు. పాత ఫోటోల్లో కొందరి నెత్తి కొంచెం తెగినట్టుంటే కారణం అదే కావచ్చు.

ఈ కెమెరాకి పేరు తెచ్చింది జర్మనీ. బ్రౌన్‌ష్వైక్ పట్టణంలో ఫ్రాంకె, హైడెకె అనే ఇద్దరు పెట్టిన కంపెనీ 1929లో రోలీఫ్లెక్స్‌ని బజారులోకి తెచ్చింది. చిన్నది, గట్టిది, బొమ్మ స్పష్టంగా ఉండేది. పత్రికలవాళ్ళు దాన్ని వదిలిపెట్టలేదు. కానీ ఖరీదు! రెండో ప్రపంచయుద్ధం తర్వాత జపాన్‌లో యాషికా, మినోల్టా, మామియా కంపెనీలు అదే పద్ధతిలో తక్కువ ధరకి తయారుచేశాయి. రష్యావాళ్ళు లూబితెల్ చేస్తే, చైనావాళ్ళు సీగల్ చేశారు. యాషికా 635 అనే మోడల్ 1958లో వచ్చింది. చిన్న అమరిక ఒకటి బిగిస్తే 120 రీలుతో పాటు 35 మిల్లీమీటర్ల రీలు కూడా పట్టడం దాని ప్రత్యేకత.

మన దేశంలోకి విదేశీ వస్తువు రావడమే కష్టమైన రోజులవి. కొత్తది కొనే స్తోమత చిన్న ఊరి స్టూడియోలకి ఉండేది కాదు. ఒక కెమెరా ముగ్గురు నలుగురి చేతులు మారేది. రీళ్ళకీ కరువే. ఆ కొరత తీర్చడానికి 1960లో ఊటీలో హిందుస్తాన్ ఫోటో ఫిలిమ్స్ అనే ప్రభుత్వ కంపెనీ పెట్టారు. 1967 నుంచి అక్కడ తయారీ మొదలైంది. ‘ఇందు’ పేరుతో వచ్చిన ఆ రీళ్ళే మన పెద్దవాళ్ళ పెళ్ళిళ్ళనీ బారసాలల్నీ దాచిపెట్టాయి.

సరే, మరి ఆడవాళ్ళు ఎక్కడున్నారు ఈ కథలో? మన తెలుగునేల మీదే మొదలుపెడదాం. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానంలో రాజా దీన్‌దయాళ్ ఫోటోగ్రాఫరు. పరదా చాటున ఉండే స్త్రీలు పరాయి మగవాడి ముందు నిలబడి ఫోటో దిగే వీల్లేని కాలం అది. అందుకని ఆయన 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచాడు. దాన్ని నడిపింది శ్రీమతి కెన్నీ లెవిక్ అనే ఆంగ్లేయ మహిళ. స్టూడియోకి పేరు దీన్‌దయాళ్‌ది, లోపల నడిపించినవి ఆడచేతులు.

దీన్‌దయాళ్ కాలం కెమెరాలు ముక్కాలి మీద నిలిపే పెద్దవి. జంట లెన్సుల పెట్టె వచ్చాక ఫోటో దిగడం తీరే మారిందని నా ఊహ. కంటికి ఆనించుకునే కెమెరా తుపాకీ గురిపెట్టినట్టు ఉంటుంది. దీనితో తీసేవాడు మన కళ్ళలోకి చూడడు, తలవంచుకుని పెట్టెలోకి చూస్తాడు. ఎవరో నమస్కారం పెడుతున్నట్టే ఉంటుంది. బిడియస్తురాలైన పల్లెటూరి కోడలికి అది కాస్త ఊపిరి తీసుకోనిచ్చి ఉంటుంది. ఆ చదరపు ఫోటోల్లో మన అమ్మమ్మలు ఒక్కోసారి నవ్వు ఆపుకుంటున్నట్టు కనబడటానికి కారణం ఇదేనేమో, మీరే చూసి చెప్పండి.

ఈ పెట్టెని చేతబట్టిన ఆడవాళ్ళూ ఉన్నారు. హోమాయి వ్యారావాలా పేరు వినే ఉంటారు. 1913లో గుజరాత్‌లోని నవ్‌సారిలో పార్శీ కుటుంబంలో పుట్టింది. మన దేశపు మొదటి మహిళా పత్రికా ఫోటోగ్రాఫరు. చీర కట్టుకుని, రోలీఫ్లెక్స్ పట్టుకుని ఢిల్లీలో మహామహుల్ని ఫోటోలు తీసింది. 1947లో స్వాతంత్ర్యపు రోజుల్నీ, గాంధీగారి అంతిమయాత్రనీ ఆమె కెమెరా చూసింది. కానీ మొదట్లో ఆమె తీసిన ఫోటోలు అచ్చయింది భర్త మానెక్‌షా పేరుతో! తర్వాత్తర్వాత ఆమె పేరు నిలబడింది. 1970లో ఆ పని మానేసింది. 2011లో పద్మవిభూషణ్ వచ్చింది, 2012 జనవరిలో కన్నుమూసింది.

అమెరికాలో వివియన్ మేయర్ అని ఒకామె ఉండేది. చికాగోలో ఇళ్ళలో పిల్లల్ని చూసుకునే ఆయా. పిల్లల్ని షికారుకి తీసుకెళ్తూ, మెడలో రోలీఫ్లెక్స్ వేసుకుని వీధుల్ని ఫోటోలు తీసేది. అద్దె కట్టని గోదాములో ఉన్న ఆమె సామాను 2007లో వేలం వేస్తే, లక్షకి పైగా నెగటివ్‌ల సంగతి బయటపడింది. వాటితోపాటు అసలు కడిగించనే లేని రీళ్ళు వందల్లో దొరికాయి. 2009లో ఆమె పోయాకే లోకానికి ఆమె పేరు తెలిసింది. ఫోటోలు తీసింది కానీ చాలావాటిని కడిగించనే లేదు. జీతం ఎంతని, రీలు కడిగించడానికి డబ్బెంతని లెక్కేసుకునే ఆడవాళ్ళకి ఆ బాధ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

ఇక మా ఊరికి వద్దాం. దుమ్ముగూడెం భద్రాచలానికి ఎగువన, సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో గోదావరి ఒడ్డున ఉంది. పర్ణశాల మా మండలంలోదే. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లీషువాళ్ళు గోదావరి మీద పడవల దారి వేద్దామని ఇక్కడ ఆనకట్ట కట్టారు. 1871 నాటికి ఆ పడవల పథకం మూలనపడింది, ఆనకట్ట మిగిలింది. మా భద్రాచలం ప్రాంతం ఒకప్పుడు తూర్పుగోదావరి జిల్లాలో ఉండేది, 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. భద్రాచలం దగ్గర గోదావరి మీద వంతెన 1965లో వచ్చింది. 2016 నుంచి మాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. ఊరు కదలకుండానే ఇన్ని చిరునామాలు మారింది!

ఈ అడవుల మనుషుల్ని ఫోటో తీసినవాళ్ళలో అందరికన్నా పేరున్నవాడు ఆస్ట్రియా నుంచి వచ్చిన హైమెన్‌డార్ఫ్. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో హైదరాబాదు సంస్థానంలో ఉండి, గోదావరి కొండల్లోని కొండరెడ్లతో తిరిగి, 1945లో వాళ్ళ మీద పుస్తకం తెచ్చాడు. ఆయన ఫోటోలూ సినిమా రీళ్ళూ లండన్‌లోని సోయస్ అనే విద్యాసంస్థలో భద్రంగా ఉన్నాయి. ఆయన వెంట కొండా కోనా తిరిగిన భార్య బెట్టీ 1987లో హైదరాబాదులో పోయింది. ఆదిలాబాద్ వైపు మార్లవాయిలో గోండులు ఆ దంపతుల సమాధుల్ని ఈనాటికీ చూసుకుంటున్నారు. లండన్‌లో చల్లటి గదుల్లో దాచిన ఫోటోలకి వరద భయం లేదు. మా ఊళ్ళో ఫోటోల సంగతి వేరు.

మా మామయ్య 1970 ప్రాంతంలో రాజమండ్రిలో పాత యాషికా 635 ఒకటి కొన్నాడు. వ్యవసాయం చూసుకుంటూనే ఫోటోలు తీసేవాడు. స్టూడియో అంటూ లేదు. చింతచెట్టు నీడన దుప్పటి కడితే అదే స్టూడియో. శ్రీరామనవమికి భద్రాచలం, పర్ణశాలలో జాతర, చుట్టుపక్కల పెళ్ళిళ్ళు. ఎండాకాలంలో తునికాకు డబ్బులు చేతికొచ్చాక కోయగూడేల నుంచి కుటుంబాలు కుటుంబాలే ఫోటో దిగడానికి వచ్చేవట. రీలుకి పన్నెండు ఫోటోలు కదా, పన్నెండూ అయ్యేదాకా కడగరు. పెళ్ళికూతురి ఫోటో కోసం వాళ్ళ నాన్న వస్తే, ‘ఇంకా నాలుగు మిగిలున్నాయి, సంతరోజు రా’ అని పంపేవారట.

తీయడం మామయ్య పని. కడగడం మా అత్తమ్మ పని. ఫోటోలు కడిగే మందునీళ్ళు ఇరవై డిగ్రీల దగ్గర ఉండాలి. బాగా వేడెక్కితే రీలు మీది మెత్తటి పూత ఉబ్బి ఊడిపోతుంది. మా వైపు ఎండలు మీకు తెలుసుగా! అందుకని అత్తమ్మ పిల్లల్ని పడుకోబెట్టి, రాత్రి పన్నెండు దాటాక, కొత్తకుండలో నీళ్ళతో ఆ పని పెట్టుకునేది. వంటింటి కిటికీకి గోనెసంచి కట్టి, టార్చిలైటుకి ఎర్రకాగితం చుట్టి ఫోటోకాగితాలు వేసేది. గడియారం లేదు, అంకెలు పైకి లెక్కపెట్టేది. తెల్లారి ఫోటోలు నులకమంచం మీద ఆరేసేది.

ఇంకో పని కూడా ఆమె చేసేది. మామయ్య ఒకరి ఫోటో ఇంకొకరికి ఇచ్చి గొడవలు తెచ్చుకుంటుంటే, ప్రతి ఫోటో వెనకా పెన్సిలుతో దిగినవాళ్ళ పేరు, ఊరు, నెల రాయడం మొదలుపెట్టింది. ఐదో తరగతి చదువు. గుండ్రంగా, ముద్దుగా ఉండే అక్షరాలు. ఆ రాతకి ఎంత విలువొస్తుందో అప్పుడెవరికీ తెలియదు.

1986 ఆగస్టులో గోదావరి వచ్చింది. ఆగస్టు 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులు. అక్కడ 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు, అంటే ఎంత నీరో ఊహించుకోండి. ఇవాళ్టికీ అదే రికార్డు. మావాళ్ళు పిల్లల్నీ పశువుల్నీ తీసుకుని మెరక మీదికి పోయారు. చంకన కెమెరా పెట్టె వెళ్ళింది. నెగటివ్‌లున్న రేకుపెట్టె, లెక్కల పుస్తకం, గోడమీది ఫోటోలు నీళ్ళపాలయ్యాయి. పదహారేళ్ళ పని! విచిత్రం ఏమిటంటే, యాషికా కంపెనీ తన చివరి జంట లెన్సుల మోడల్‌ని ఆపేసింది కూడా 1986లోనే. అప్పటికే రంగుల ఫోటోలొచ్చాయి, హాట్‌షాట్ లాంటి చిన్న కెమెరాలొచ్చాయి. మామయ్య మళ్ళీ రీలు ఎక్కించలేదు. కెమెరా అటకెక్కింది.

అది మళ్ళీ దిగింది 2022 జులైలో. ఆ నెల 16న భద్రాచలం దగ్గర 71.3 అడుగులు. మా ఇంట్లోకి నీళ్ళొచ్చి పోయాక, బురద ఎత్తిపోసి అటక సర్దుతుంటే తోలు సంచి చేతికి తగిలింది. నీళ్ళు అంతెత్తు రాలేదు కానీ తేమ పట్టింది. సంచి నిండా తెల్లటి బూజు. మామయ్య అప్పటికి లేడు. అత్తమ్మ ఆ సంచిని ఒళ్ళో పెట్టుకుని పాతచీర ముక్కతో చాలాసేపు తుడిచింది. ‘పడేద్దామా అత్తమ్మా?’ అని పనివాళ్ళెవరో అడిగితే, ‘కుట్టుమిషను మూలనపడితే పడేస్తామా, బాగు చేయించుకోమూ’ అంది. అంతే, బాగు చేయించాల్సిందే అనుకున్నాను.

హైదరాబాదు కోఠిలో ఒక సందులో పాత కెమెరాలు బాగుచేసే పెద్దాయన ఉన్నాడని తెలిసి తీసుకెళ్ళాను. ఆయన కెమెరా చెవి దగ్గర పెట్టుకుని షట్టరు మీట నొక్కి విన్నాడు. డాక్టరు గుండె చూసినట్టు! తర్వాత ఒకే ప్రశ్న అడిగాడు. ‘బేటీ, షోకేసులో పెడతారా, వాడతారా?’ షోకేసుకైతే పైపైన తుడిచి పాలిష్ పెడితే రెండు రోజుల పని. వాడాలంటే రెండు నెలలు. ‘వాడతాం చాచా’ అన్నాను. ఆయన ముఖం వెలిగింది.

ఏమేం చేశాడో చూస్తే మనక్కూడా పనికొచ్చే సంగతులున్నాయి. మొదటిది బూజు. తేమగా, చీకటిగా, గాలాడకుండా ఉంటే లెన్సు గాజు మీద సాలెగూడు లాంటి ఫంగస్ పెరుగుతుంది. మన గోదావరి గాలికి మరీ తొందరగా. పైపైన ఉంటే తుడిస్తే పోతుంది, ముదిరితే గాజు మీది సన్నటి పూతని తినేస్తుంది. మా కెమెరాలో పై కన్ను శుభ్రమైంది, కింది కంటి మీద మాత్రం రెండు చిన్న మచ్చలు ఉండిపోయాయి. ‘మచ్చలతోనే తీస్తుంది, ఫరవాలేదు. బొమ్మ కొంచెం మెత్తగా వస్తుంది, అంతే’ అన్నాడు. తోలుసంచిలో పెట్టి బీరువాలో మూసేయడం కెమెరాకి మంచిది కాదని అప్పుడే చెప్పాడు. తోలు తేమని పట్టి ఉంచుతుంది. వెలుతురూ గాలీ తగిలే చోట, అప్పుడప్పుడూ వాడుతూ ఉండాలి.

రెండోది షట్టరు. సెకనులో అయిదువందలో వంతు వేగంతో తెరుచుకుని మూసుకోవడం బాగానే ఉంది, కానీ ఒక్క సెకను పెట్టి నొక్కితే తెరుచుకుని అలాగే ఉండిపోతోంది. లోపల నిదానపు వేగాల కోసం గడియారంలో ఉన్నట్టు చిన్న పళ్ళచక్రాలుంటాయి. యాభై ఏళ్ళకి వాటి మీది నూనె గట్టిపడి జిగురైంది. కుట్టుమిషన్‌కి చేసినట్టు చుక్క నూనె వేస్తే పోదా అని మనకి అనిపిస్తుంది. వేయకూడదట! ఆ నూనె పాకి రేకుల మీదికొస్తే షట్టరు మొత్తం అతుక్కుపోతుంది. పాత నూనెని పలచటి సాల్వెంటుతో కడిగేసి, రేకుల్ని పొడిగానే వదిలేయాలి.

మూడోది అద్దం. మనింట్లో అద్దానికి రసం పూత వెనక ఉంటుంది, ముందు గాజు కాపు కాస్తుంది. కెమెరా అద్దానికి పూత ముందువైపే ఉంటుంది. వేలు తగిలినా, గట్టిగా తుడిచినా గీత పడుతుంది. మాది పూర్తిగా మసకబారింది. అలాంటి అద్దం ఈరోజుల్లో ఎక్కడ దొరుకుతుంది? పాడైపోయిన జిరాక్సు మిషన్లో! అందులో ఉండే పొడుగాటి అద్దం కూడా అదే రకమట. దాన్ని కొలతకి కోసి అమర్చాడు. పాత చీర అంచు కొత్త లంగాకి కుట్టుకునే మనకి ఈ విద్య కొత్తేం కాదు.

చివరిది రెండు కళ్ళ పొత్తు. పై కంటికి స్పష్టంగా కనిపించింది కింది కంటికి కూడా అంతే స్పష్టంగా కనిపించాలి. లేకపోతే చూసేటప్పుడు బాగుంటుంది, ఫోటోలో మసకగా వస్తుంది. రీలు ఉండే చోట గరుకు గాజుముక్క ఒకటి పెట్టి, దూరంగా ఉన్న కరెంటు స్తంభాన్ని రెండు లెన్సుల్లోంచీ చూసి, రెండూ కలిసేదాకా మరలు తిప్పాడు. ఒక పూటంతా పట్టింది. సంసారంలో ఇద్దరి చూపూ కలవడానికి ఎంత కాలం పడుతుందో మనకి తెలుసు కాబట్టి, పూట తక్కువే అనిపించింది.

సంచికి పట్టీ తెగిపోతే అత్తమ్మ ఎప్పుడో గుడ్డసంచి చెవుల్ని కత్తిరించి కుట్టింది. చాచా కొత్త తోలుపట్టీ వేస్తానన్నాడు. అది మాత్రం ఉండనివ్వమన్నాను. కెమెరా జపాన్‌దైనా, ఆ కుట్టు దుమ్ముగూడెందే కదా.

120 రీళ్ళు ఇప్పటికీ తయారవుతున్నాయి, తెప్పించాను. వెల చెప్తే అత్తమ్మ కళ్ళు తేలేసింది. చూపు మందగించినా రీలు ఆమే ఎక్కించింది. నేను ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నదాన్ని ఆమె వేళ్ళు చూడకుండానే చేశాయి. అప్పుడు అడిగాను, ‘నువ్వెప్పుడైనా ఫోటో తీశావా అత్తమ్మా?’ అని. ‘నాకెవరిచ్చారమ్మా’ అంది మామూలుగా. కోపం లేదు, నిష్ఠూరం లేదు. వందల ఫోటోలు కడిగిన మనిషి ఒక్కటీ తీయలేదు. దిగింది కూడా ఒక్కటే. పెళ్ళయిన కొత్తలో భద్రాచలం స్టూడియోలో దిగిన ఆ జంట ఫోటో 1986లో గోదారిపాలైంది. పన్నెండు ఫోటోల్లో ఆరు ఆమెవి నేను తీశాను, మిగతా ఆరూ ఆమె చేతికిచ్చాను. కెమెరాని స్టూలు మీద ఆనించి, తలవంచి, ‘కొంచెం నీడలోకి జరుగు’ అని నాకు చెప్తుంటే ఆ గొంతు వేరేగా ఉంది.

అసలు పని ఆ తర్వాత మొదలైంది. నెగటివ్‌లు మన ఇంట్లో పోయాయి సరే, ఫోటోలు దిగినవాళ్ళ ఇళ్ళలో ఉండాలి కదా అని ఆమెకే తోచింది. నదికి దూరంగా, మెరక మీద ఉన్న ఊళ్ళకీ గూడేలకీ వీలున్నప్పుడల్లా వెళ్తున్నాం. దేవుడి పటాల పక్కన, దూలానికి వేలాడే ఫ్రేముల్లో ఆ చదరపు ఫోటోలు ఉన్నాయి! వాళ్ళ అనుమతితో ఫ్రేము వెనక అట్ట తీస్తే, పెన్సిలు రాత. పేరు, ఊరు, నెల. ఓ ఇంట్లో మనవరాలికి తన నాయనమ్మ పేరు అది చదివాకే తెలిసింది. ఊరంతా ‘పెద్దమ్మ’ అనే పిలిచేవాళ్ళట, ఆ పిలుపు కింద అసలు పేరు కప్పడిపోయింది. మా వైపు చాలామంది పెద్దవాళ్ళకి 1990లలో ఓటరు గుర్తింపు కార్డు వచ్చేదాకా వేరే ఫోటోనే లేదు. వాళ్ళ వయసులో ఉన్న రూపం, పేరుతో సహా, ఈ ఒక్క కాగితం మీదే మిగిలింది.

కొన్నింటి వెనక రాత లేదు. అవి అత్తమ్మ రాయడం మొదలుపెట్టకముందువి. వాటిని ఫోనులో తీసుకొచ్చి పెద్దవి చేసి చూపిస్తే, కొందర్ని గుర్తుపడుతోంది, కొందర్ని పట్టలేకపోతోంది. నిరుడు చెప్పిన పేరు ఈ ఏడు చెప్పలేకపోతోంది కూడా. కెమెరా అద్దానికి జిరాక్సు మిషన్లో ముక్క దొరికింది. ఆ జ్ఞాపకానికి ముక్క ఎక్కడా దొరకదు. అందుకే తొందరపడుతున్నాం.

మీకూ ఉపయోగపడతాయని నేను నేర్చుకున్నవి నాలుగు చెప్తాను. పాత ఫోటో వెనక రాసేటప్పుడు మెత్తటి పెన్సిలుతో, అంచు దగ్గర, నొక్కకుండా రాయండి. బాల్‌పెన్ను గీతలు ముందుకి తేలతాయి, స్కెచ్‌పెన్ను సిరా పాకుతుంది. వరదకో వానకో ఫోటోలు తడిస్తే బొమ్మ ఉన్న వైపు రుద్దొద్దు, గుడ్డతో తుడవొద్దు. శుభ్రమైన చల్లటి నీళ్ళలో మెల్లగా కడిగి, బొమ్మ పైకి ఉండేలా నీడలో ఆరబెట్టండి. ఒకదానికొకటి అంటుకుంటే లాగకుండా నీళ్ళలో నాననిచ్చి విడదీయండి. ఫ్రేము అద్దానికి అతుక్కుపోయిన ఫోటోని మాత్రం ఊడబీకొద్దు, అద్దంతో సహా ఫోటో తీసి దాచుకోండి.

మూడు మాటల్లో దిగినవాళ్ళ పేర్లు మన చేతుల్లో ఉన్నాయి. మీ అత్తగారో అమ్మో అమ్మమ్మో ఇంకా గుర్తుపట్టగలిగే స్థితిలో ఉంటే, ఆ ట్రంకుపెట్టె ఆమె ముందు పెట్టి పక్కన కూర్చోండి. ఇది ఎవరు, అది ఎవరు, ఏ పెళ్ళి, ఏ ఊరు అని అడగండి. ఒక పెన్సిలు, ఒక మధ్యాహ్నం చాలు. ఆ ఫోటోలు ఎవరు కడిగారో కూడా అడగడం మర్చిపోకండి.